చీపురుపుల్ల నడిపిన పాట

చిత్తూరు,
ఆగస్టు 1976, గురువారం.

చి. ల. సౌ. చంద్రకాంతమ్మకు నీ భర్త దేవరాజులు దీవించి రాసే సంగతులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం కొన్నాను, కలంలో సిరా పోశాను, మళ్ళీ మూతపెట్టి పక్కన పడేశాను. నువ్వు అడిగినదానికి జవాబు నాకే తెలియనప్పుడు రాసి ఏం లాభం అనిపించింది. ఇంతలో మొన్న మనింట్లో ఒక సంగతి జరిగింది. దానివల్ల జవాబు తెలియకపోగా, అంతవరకు ఉన్న అరకొర తెలివి కూడా పోయింది. ఇక రాయకపోతే నాకే మంచిది కాదని కూర్చున్నాను.

ఇక్కడ నేను, నువ్వు నాటిపోయిన కరివేపాకు మొక్క, ఆ పాటల పెట్టె, ముగ్గురమూ కులాసా. అక్కడ నువ్వు, నీ మోకాలు, తమ్ముడు దామోదరం, మరదలు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. శ్రీహరికోటలో రాకెట్టు వదిలిన రోజు సూళ్ళూరుపేటలో మీ పిల్లి మంచం కిందికి దూరుతుందని రాయించావు. రాకెట్టు బయలుదేరేముందు అంకెలు వెనక్కి లెక్కపెడతారని దామోదరం చెప్పాడట. నేను టైము కీపరుగా ఉన్న రోజుల్లో మా బస్సులకు అలా లెక్కపెట్టి ఉంటే, సున్నా వచ్చేసరికి డ్రైవరు టీకొట్టులో ఉండేవాడు, కండక్టరు అతణ్ణి వెతకబోయి తనూ ఒక టీ చెప్పుకునేవాడు. సరే, అది పక్కన పెడతాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. కరివేపాకుకు పొద్దున్నే బియ్యం కడుగు పోస్తున్నాను. రెండు కొత్త రెమ్మలు వేసింది. మునెమ్మ పాలలో నీళ్ళు కలుపుతోందేమో కనుక్కోమన్నావు. అడిగాను. "మీ ఇంటికి పోసే పాలల్లో సుక్క నీళ్ళు కలిపింటే నా ఎనుము మింద ఒట్టు సామీ" అంది. ఆ ఎనుము ఆమెది కాదు, వాళ్ళ మామది. కాబట్టి ఒట్టు ఎవరికి తగులుతుందో నాకు అర్థం కాలేదు. పాలు మాత్రం వెనకటి మాదిరిగానే ఉన్నాయి, అడుగున గిన్నె కనబడుతోంది.

ఇక నీ మూడో ప్రశ్న. అది దామోదరం చేత నువ్వు రాయించినట్టే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, నేను తప్పుగా చదవలేదని నీకు తెలియాలి కదా. "ఆ పెట్టిలో పాట ఏడుపా, నవ్వా? ఏడుపైతే ఎవురి కోసరం? తేల్చి రాయి. రాస్తే వస్తా. ల్యాకుంటే నాకు తమ్ముని ఇంట్లోనే బాగుండాది."

దామోదరానికి ఈ గొడవ సగమే తెలిసి ఉంటుంది. నా ఉత్తరాలు అతనే నీకు చదివి వినిపిస్తాడు గనుక అతని కోసం మొదటినుంచీ చెబుతాను.

దామోదరం, నేను పని మానుకుని ఇంట్లో కూర్చున్న కొత్తలో నాకు సాయంత్రాలు గడవలేదు. ముప్పై ఏళ్ళు బస్సులు వచ్చే పోయే టైములు రాసినవాణ్ణి, ఉన్నట్టుండి రాసుకోవడానికి ఏమీ లేకపోయింది. అప్పుడు మైకు సెట్టు చిన్నబ్బ తన పాత రికార్డు ప్లేయరు తీసేస్తుంటే కొన్నాను. చర్చి వెనక బంగళాలో ఉండే దొరసాని ఒకామె ఊరు వదిలిపోతూ సామాన్లు అమ్మింది. ఆమె దగ్గర ఒక చిన్న రికార్డు కొన్నాను. ఆ దొరసాని జన్మలో నాతో మాట్లాడింది ఒక్క మాట. "మదనపల్లె బస్సు వచ్చిందా?" రాలేదని చెప్పాను. అంతటితో మా సంబంధం సరి. మీ అక్క మనసులో ఇంకేదైనా ఉంటే నువ్వే నచ్చజెప్పాలి.

ఆ రికార్డులో మాటలు లేవు. ఒక ఫిడేలు, దాని వెనక ఒక పెద్ద గుంపు. ఫిడేలు ఒక సంగతి చెబుతుంది, గుంపు ఔనంటుంది. ఫిడేలు ఇంకొంచెం చెబుతుంది, గుంపు కాదంటుంది. చివరికి అందరూ కలిసి ఒక మాట మీదికి వస్తారు. పంచాయితీ మాదిరి అనుకో, కాకపోతే ఇందులో తీర్పు వస్తుంది. అది మా ఇంటికి వచ్చినప్పటినుంచి దీపాలవేళ వాకిట్లో కూర్చుని వింటున్నాను. బరువుగా, నిదానంగా, ఎద్దు బురదలో బండి లాగినట్టు సాగే పాట అది. వింటుంటే ఒక్కోసారి నా కళ్ళు చెమర్చేవి. మీ అక్కకు కోపం.

"దీపం పెట్టే యాళకు ఇంట్లో ఈ ఏడుపేంది? ఎవురు సచ్చినారని?"

"ఇది ఏడుపు కాదే, భక్తి."

"భక్తికి కండ్లల్లో నీళ్ళు సరేనయ్యా. ముక్కులో నీళ్ళు యాల?"

నేను ముక్కు తుడుచుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆమె బస్సెక్కింది. ఆ బస్సు టైముకే పోయింది. నా అదృష్టం అలా ఉంటుంది.

చంద్రకాంతా, ఇక నీకే చెబుతున్నాను. నువ్వు తేల్చి రాయమన్నావు గనుక, నా ఒక్కడి మాట చెల్లదని, తెలిసినవాళ్ళను అడిగాను. మొదట పూతలపట్టు పోయి నాదస్వరం కుప్పయ్యను పిలుచుకొచ్చాను. మన పెద్దమ్మాయి పెళ్ళికి వాయించినాయనే. వాకిట్లో చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. అయిపోయాక కళ్ళు తెరిచి, వక్కాకు నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు.

"స్వరాలు పెండ్లివి సామీ" అన్నాడు.

"హమ్మయ్య" అన్నాను.

"నడక మాత్రం పాడె ఎనకాల పొయ్యేది."

"రెండూ ఒకే పాటలో ఎట్ల కుదరతాయి కుప్పయ్యా?"

"అదే నాకూ తెలవలా. పెండ్లికి పొయ్యేటోల్లకు దోవలో సావు కబురు తెలిసినట్టుండాది. నా బతుకులో ఇట్టాటి మేళం కట్టలా, కట్టను కూడా."

ఆ మాటతో నా తలలో ఉన్న దారం ఇంకా చిక్కుపడింది. చర్చిలో హార్మోనియం వాయించే రాజారత్నం మాస్టరుకు ఇంగ్లీషు పాటల లెక్కలు తెలుసు గదా అని, మొన్న మంగళవారం ఆయన్ను పిలిచాను. హార్మోనియం కూడా రిక్షాలో తెచ్చుకున్నాడు. పెట్టె వెయ్యకముందే రికార్డు అట్ట చదివాడు.

"కన్సర్టో అంటారన్నా దీన్ని. ఒక వాద్యం ఒక పక్క, మిగతావాళ్ళంతా ఒక పక్క. దాంట్లో మొదటి భాగం. అల్లెగ్రో అని ఏసుండారు. అంటే సురుగ్గా, ఉల్లాసంగా అని. శ్రుతి డి మేజర్. మన లెక్కలో రెండో శ్రుతి. సంతోషంగా ఉండే పాటన్నా. ఊరికే వదినెమ్మను పంపించేసినావే."

పెట్టె వేశాను. ఎప్పటిలాగే ఎద్దుబండి కదిలింది. రాజారత్నం ముఖంలో ఉల్లాసం కొంచెం కొంచెంగా దిగిపోయింది. హార్మోనియం మెట్లు నొక్కి చూశాడు. ఒక మెట్టు నొక్కాడు, తల అడ్డంగా ఊపాడు. కిందికి, ఇంకా కిందికి పోయాడు.

"అన్నా, డి మేజర్ అని రాసుండాది. నీ పెట్టి ఎక్కడో కింద 'ఏ' మెట్టు దెగ్గర మూలగతా ఉండాది. ఆడికీ సరిగ్గా ఆనలా, రవ్వంత కిందికే ఉండాది."

"నీ హార్మోనియం దిగిపోయిందేమో సూడు."

"నా హార్మోనియం పట్టుకొని చర్చి అంతా పాడతాది తెల్సునా?"

"అంతమందీ కలిసి తప్పు పాడితే ఎవురికి తెలస్తాదప్పా?"

ఆయనకు కోపం వచ్చింది గానీ, మునెమ్మ అప్పుడే పాలు తెచ్చింది గనుక కాఫీ ఇచ్చి చల్లబరిచాను. కాఫీ తాగుతూ అడిగాడు. "అట్ట మింద ఏడు నిమిషాలు అని ఉండాది. నీ పెట్టిలో ఎంతసేపు పలకతాది?"

"తొమ్మిది దాటతాది."

"నువ్వు టైము కీపరువి గదన్నా! దినామూ రెండు నిమిషాల పైన తేడా వస్తావుంటే అనుమానం రాలా?"

ఇక్కడ నా వృత్తి పరువు గురించి ఒక మాట చెప్పాలి. మా కంపెనీలో రెండు నిమిషాల ఆలస్యాన్ని ఆలస్యం అనరు. దాన్ని టైముకు రావడం అంటారు. బంగారుపాళ్యం దగ్గర మామిడికాయల లారీ అడ్డం తిరిగితే ముప్పావుగంట, పూతలపట్టు అడ్డరోడ్డులో పెళ్ళివాళ్ళు ఎక్కితే అరగంట, ఇలా రాసి రాసి అలవాటుపడ్డ చెయ్యి నాది. పాట ఆలస్యంగా చేరుకుంటోందని రోజూ గమనించాను. దొరసాని దేశంనుంచి రావాలి కదా, దూరం అనుకున్నాను.

రాజారత్నం చిన్నబ్బను పిలిపించాడు. చిన్నబ్బ వచ్చి, రికార్డు చేతిలోకి తీసుకుని, "ఏందన్నా, ఇది నలభై ఐదుది గదా" అన్నాడు. అంటే రికార్డు నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలట. పెట్టె పక్కన అంకెలు, వాటి మీద తిరిగే మీట ఒకటి ఉన్నాయి కదా, నువ్వు దుమ్ము తుడుస్తూ "ఇదేంది, రేడియోనా" అని అడిగావే, అది. దాన్ని జరపబోయాడు. జరగలేదు. గట్టిగా నెట్టాడు. జరగలేదు. అప్పుడు నుదురు కొట్టుకుని, పైరేకు ఊడదీసి, లోపలినుంచి రెండు వేళ్ళతో ఒక చీపురుపుల్ల ముక్క బయటికి లాగాడు.

"నేనే పెట్టినాన్లే" అన్నాడు, ఏదో మంచి పని చేసినట్టు. "గంగజాతరకు పెద్ద రికార్డులు ఏస్తా ఉంటే, జనం కాళ్ళ అదురుకు మీట జారి, అమ్మవారి పాట ఉడతలు కీసులాడినట్టు వచ్చె. పూజారి నా మిందికి వచ్చినాడు. దాంతో ముప్పై మూడు కాడ పుల్ల బిగించినా. నా కాడ ఉన్నెవన్నీ ముప్పై మూడువే గదా. నీకు అమ్మేటప్పుడు చెప్పనే మరిసిపోయినా."

"ఏడాదిగా ఇట్లే ఇంటా ఉండానప్పా!"

"బాగుండిందా?"

నేనేం చెప్పేది? బాగుంది.

చిన్నబ్బ మీట నలభై ఐదు మీదికి జరిపి ముల్లు పెట్టాడు. చంద్రకాంతా, మన వాకిట్లోకి ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చినట్టయింది. ఫిడేలు గొంతు మగగొంతు కాదు, పదహారేళ్ళ పిల్ల గొంతు. వెనక గుంపు అంతా ఎగిరి గంతేసింది. రాజారత్నం హార్మోనియం మెట్టు ఒక్కటి నొక్కి, "సూడు, డి!" అని మా అందరి ముఖాలూ చూశాడు, తనే దాన్ని కన్నట్టు. పాల చెంబు పట్టుకుని ఇంకా గడపలోనే నిలబడ్డ మునెమ్మ పాదం ఆడించింది. "ఇదయితే బాగుండాది సామీ, రాగులు ఇసిరేటప్పుడు పెట్టుకోవచ్చు" అంది. చిన్నబ్బ పుల్ల వాకిట్లోకి విసిరేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఎవరింట్లోకో పొరపాటున వచ్చి కూర్చున్నవాడిలా నవ్వాను.

పోతూ పోతూ రాజారత్నం ఒక చీటీ మీద నీకోసం రాసిచ్చాడు. వేగం: చురుకు. శ్రుతి: డి మేజర్. భావం: ఉల్లాసం. "ఇది వదినెమ్మకు పంపించు, మర్నాడే వస్తాది" అన్నాడు. చీటీ దీంతోపాటు పెడుతున్నాను. అది అట్ట చెప్పే జవాబు. నువ్వు అడిగింది అట్టను కాదు, నన్ను.

పైగా నిన్ను ఎరిగినవాణ్ణి గనుక నువ్వు ఏమంటావో నాకు ఇప్పుడే వినబడుతోంది. "పాట నవ్వేదయితే, నువ్వు ఏడాది యాల ఏడిస్తివి? ఏడుపు పాటది కాదు గదా, నీదే గదా?" అంటావు. దానికి నా దగ్గర చీటీ లేదు.

దామోదరం, ఇక్కడ ఆపు. కాగితం మీ అక్క చేతికి ఇచ్చి నీ లారీ కడుక్కోవడానికి పో. ఆమెకు కూడబలుక్కుని చదవడం వచ్చు. చంద్రకాంతా, ఈ కింది ముక్క నువ్వే చదువు. ఒక్కో అక్షరమూ పట్టుకుని, నీ వీలుకొద్దీ, ఎంతసేపైనా సరే. త్వరగా చదివితే ఇది వేరేలా వినబడుతుందేమోనని నాకు భయం.

నిరుడు నువ్వు మెట్ల మీద జారి పడ్డాక మోకాలు వంగడం లేదు. వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చేటప్పుడు గోడ పట్టుకుంటావు. ఎడమ కాలు వేస్తావు, కుడికాలు దాని దగ్గరికి ఈడుస్తావు, ఆగుతావు. మళ్ళీ ఎడమ, మళ్ళీ ఈడ్పు, మళ్ళీ ఆగడం. ఆ పాట నడుమ ఒకచోట గుంపు అంతా మాట్లాడటం మానేస్తుంది. ఫిడేలు ఒక్కటే రెండు స్వరాలు ఎక్కి ఆగుతుంది, మళ్ళీ రెండు ఎక్కి ఆగుతుంది. మొదటిరోజు అది వింటున్నప్పుడు నా వెనక నువ్వు దీపం పట్టుకుని వస్తున్నావు. రెండు చప్పుళ్ళూ ఒకటే. ఏది పెట్టెలోదో, ఏది నేల మీదిదో నాకు తెలియలేదు. అప్పటినుంచి రోజూ దీపాలవేళే వేశాను. పాట కోసం కాదు.

ఒక సాయంత్రం ఆ చోటు వచ్చింది, పోయింది, పాట కూడా అయిపోయింది. నువ్వు రాలేదు. ముల్లు ఊరికే గీరుకుంటోంది. నువ్వు పెరట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నావు, అంతే. కానీ నేను లేచి వచ్చి నిన్ను చూసేదాకా గడిచిన ఆ కొంచెంసేపటిలో, నువ్వు లేని ఇల్లు నాకు మొత్తం కనబడింది. గోడ మీద నీ చెయ్యి పడి నల్లబడిన మరకతో సహా. ఆ తర్వాత ఆ పాట వింటే కళ్ళు నా మాట వినలేదు. బతికున్న మనిషి కోసం, అదీ దీపం పెట్టే వేళ ఏడిస్తే అరిష్టమని నువ్వే అంటావు. అందుకే భక్తి అన్నాను. ఎవరి కోసం అని అడిగావు. దొరసాని కోసం కాదు. వేరే ఎవరూ లేరు. నువ్వు తిరుగుతుండగానే నీ కోసమే ఏడ్చాను. ఇది నోటితో చెప్పలేక నిన్ను బస్సెక్కనిచ్చాను.

ఇక మొన్న నలభై ఐదులో విన్నప్పుడు ఆ చోటు మళ్ళీ వచ్చింది. ఆగడాలు లేవు. టకటకా ఎక్కిపోయింది. మన పెళ్ళయిన కొత్తలో పూతలపట్టు అడ్డరోడ్డు దగ్గర నేను టైములు రాసే పాకకు అన్నం క్యారియరు పట్టుకొచ్చేదానివి. నువ్వు కనబడకముందే నీ మెట్టెలు వినబడేవి. "మీ ఇంటామె బయలుదేరింది, ఇంక నా బండి తీస్తానప్పా, ఆమె కంటే ఎనకబడితే నవ్వుతారు" అనేవాడు ఒక డ్రైవరు. అది ఆ నడక. అసలు పాట అదేనని రాజారత్నం అంటాడు. కావచ్చు. కానీ ఆ పిల్లను చూసి ఎన్నో ఏళ్ళయింది, నాకు కొత్తగా ఉంది. నా కాపురం ముప్పై మూడులో జరుగుతోంది. దాన్ని తప్పు అని ఎట్లా అనేది?

వాళ్ళంతా పోయాక మీట వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. ఇప్పుడు పుల్ల అక్కరలేదు, మీట చెప్పినట్టు వింటోంది. ఫిడేలు రెండడుగులు వేసి ఆగింది. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. పాట సగంలో తీసేసి అన్నం వండుకున్నాను. మాడింది.

కాబట్టి ఏడుపా, నవ్వా అంటే, తేల్చలేకపోయాను. కుప్పయ్య రెండూ అన్నాడు, రాజారత్నం నవ్వు అన్నాడు, చిన్నబ్బ చీపురుపుల్ల అన్నాడు. నువ్వు వచ్చి విను. రెండు వేగాలూ వేస్తాను. ఏది అసలో నువ్వు చెప్పు, అది ఉంచుకుని రెండోది మానేస్తాను. పెట్టె అమ్మేయమన్నా అమ్మేస్తాను. తేల్చి రాస్తేనే వస్తానన్నావు. తేలని సంగతికి కూడా రావచ్చునేమో ఆలోచించు. మోకాలికి నువ్వుల నూనె మానవద్దు. బస్సులో ముందు సీటు అడుగు, కాలు చాపుకోవడానికి ఉంటుంది. పిల్లలకు నా దీవెనలు.

ఇట్లు,
తేల్చుకోలేక తల వాచిన నీ పెనిమిటి,
దేవరాజులు.

తా.క. ఈ ఉత్తరం పట్టుకుని పోస్టు డబ్బా దగ్గరికి పోయేసరికి సాయంత్రం ఉత్తరాలు తీసుకుపోయేవాడు వచ్చి పోయాడట. ముప్పై ఏళ్ళు ఊరివాళ్ళ ఆలస్యాలు రాసినవాణ్ణి, నా ఆలస్యం రాసుకోవడానికి ఎవరూ లేరు. మర్నాటిదాకా ఆగలేక రాత్రే సంచీ సర్దుకున్నాను. ఇప్పుడు బస్సులో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు. ఉత్తరం నా జేబులోనే ఉంది, నీ చేతికే ఇస్తాను. కరివేపాకుకు నీళ్ళు పొయ్యమని మునెమ్మకు చెప్పాను. ఆమె దగ్గర నీళ్ళకు కొదవ లేదు. కండక్టరు పాటల పెట్టెను టాపు మీద వెయ్యమన్నాడు. ఒళ్ళో పెట్టుకున్నాను. బస్సు పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది.